మళ్లీ పదో లైను నుంచి

ఆవిడ పోయారన్న కబురు మా పాత టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున వచ్చింది. ఒక్క మెసేజ్ కాదు, నాలుగు. మొదటిదాంట్లో భూస్థాపన మధ్యాహ్నం రెండింటికి అన్నారు. రెండోదాంట్లో రెండు కాదు మూడు అన్నారు. మూడోదాంట్లో చర్చి ఉన్న ఊరి పేరే మార్చేశారు. నాలుగోది తెరిచేసరికి ‘ఈ మెసేజ్ తొలగించబడింది’ అని ఉంది. నాకు ఏడుపు రావాల్సింది పోయి ఒళ్లు మండింది. తప్పు లేని ఒక్క కాగితం కోసం ఏళ్ల తరబడి మా ప్రాణాలు తోడేసిన మనిషి చావు కబురు పంపే పద్ధతా ఇది?

సరే, నేనన్నా శుభ్రంగా నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. రెండో లైన్లో ఒక అక్షరం తప్పు పడింది. చెరిపేసి దిద్దుకుంటే అయిపోయేదానికి, వేలు ఆ గుర్తు దాకా వెళ్లి ఆగిపోయింది. మనవరాలు పక్కనుంచి చూసి, “ఏంటమ్మమ్మా, ఫోను హ్యాంగైందా?” అంది. ఫోను కాదే, నేనే. ఇదంతా ఆవిడ చేసిన నిర్వాకం.

చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టు మీద మేడగదిలో ఉండేది మా ఇన్‌స్టిట్యూట్. పన్నెండు టైపు మిషన్లు, పన్నెండు స్టూళ్లు, గోడకి ఒక గడియారం. కింద మందుల వాసన, వీధిలో పత్తి లారీల దుమ్ము. మిరప కోతలైన రోజుల్లో బళ్లు వెళ్తుంటే గదంతా తుమ్ములు. ఆ తుమ్ముల మధ్య కూడా ఆవిడకి ఒక్క తప్పుడు కొట్టుడు వినపడేది. కిటికీ వైపు తిరిగి వీధిలోకి చూస్తూనే, “మూడో మిషనూ, నీ ఎడం చిటికెన వేలు నిద్దరోతంది” అనేవారు. మూడో మిషను మీద ఉన్నది పదిహేనేళ్ల నేను. ఉలిక్కిపడి చూసుకుంటే నిజంగానే ఇంగ్లీషు ‘ఏ’ సగమే పడి ఉండేది.

మార్టూరు దగ్గర పల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చేవారు. తెల్లచీర కాదు, ఆవిడకి ముదురు రంగులంటే ఇష్టం. కార్బన్ మరక కనపడదని అనేవారు. మోచేతి దాకా చేతుల జాకెట్టు, ఎడమ మణికట్టుకి గడియారం బదులు చుట్టిన చేతిరుమాలు. దాంతో ముఖం తుడుచుకోగా నేనెప్పుడూ చూడలేదు. మిషను మీట మీద పత్తి నూగు కనిపిస్తే దాంతో తుడిచేవారు. మా అందరికీ ఆవిడ టీచరుగారు. పేరు పెట్టి పిలిచిన వాళ్లెవరూ నాకు తెలియదు, నేనూ ఇప్పుడు రాయను.

ఆవిడ పాఠమంతా రెండు మాటలు. “తీసెయ్. కొత్తది పెట్టు.”

కాగితం మీద తప్పు పడిందా, అంతే. రబ్బరు పెట్టి తుడవడం, దాని మీద గట్టిగా ఇంకో అక్షరం కొట్టడం, తెల్లరంగు పూయడం, ఏమీ కుదరవు. కర్రమని రోలరు తిప్పి కాగితం లాగేసేవారు. చివరి లైను చివరి మాట అయినా సరే. “టీచరుగారండీ, ఒక్కక్షరమేనండీ!” అని గోలపెడితే, “ఒక్కటేగదా, సరిగ్గా కొట్టడానికి నీకేం నెప్పి?” అనేవారు. టైపు లోయరు పరీక్షలోపు నేను తినేసిన కాగితాలకి మా నాన్న ఒక సంచి పత్తి అదనంగా అమ్మి ఉంటాడు. తిట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, మనసులో రోజూ తిట్టుకున్నాను.

తిట్టుకున్నదాన్ని తిట్టుకున్నట్టు ఊరుకోక, ఏడేళ్ల తర్వాత అదే గదికి ఆవిడకి పాఠం చెప్పడానికి వెళ్లాను. అదీ నా ఖర్మ.

ఎనభైల్లో సగం దాటిన రోజులు. నేను లెక్కల్లో బీఎస్సీ చేసి, గుంటూరులో ఆర్నెల్లు కంప్యూటరు కోర్సు చదివి వచ్చాను. మా ఇన్‌స్టిట్యూట్ ప్రొప్రయిటరు గారు ఎక్కడో చూసి వచ్చి ఒక కంప్యూటరు కొనేశారు. కంప్యూటరంటే ఇప్పటిది అనుకునేరు! మీటలున్న పెట్టె ఒకటి, దానికి తగిలించిన చిన్న టీవీ, ప్రోగ్రాము దాచుకోవడానికి పాటల క్యాసెట్లు వేసుకునే టేపురికార్డరు. దాని కోసం గదిలో ఒక మూల పరదా కట్టించి, చెప్పులు విప్పి రమ్మని బోర్డు పెట్టించారు. నేను దానికి టీచర్ని. జూన్‌లో బీఎడ్ సీటు వస్తుంది, నేను వెళ్లిపోతాను. ఆ సంగతి ఆయనకి ముందే చెప్పాను.

“అయితే నీ తర్వాతెవరు?” అన్నారాయన. “జూన్ నుంచి అన్నీ కంప్యూటరు బ్యాచీలే. టైపు మిషన్లు రెండుంచి మిగతావి తీసేస్తన్నా. టీచరుగారు ఈలోపు ఆ సర్టిఫికెట్టు పరీక్షేదో పాసయితే ఈ కుర్చీ ఆమెదే. లేదంటే విజయవాడ నుంచి ఓ కుర్రోణ్ణి మాట్లాడా. ఇద్దరికి పని లేదమ్మా, ఉన్నమాట చెబుతున్నా.”

ఈ మాట ఆయన పరదా ఇవతలే, గట్టిగా అన్నారు. అవతల ఆవిడ పదకొండో మిషనుకి రిబ్బను మారుస్తున్నారు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, చెప్పులు విప్పి, స్టూలు మీద నిటారుగా కూర్చుని, “కానియ్యమ్మా, ఏందో చెప్పు” అన్నారు. ఇరవై రెండేళ్లు ఆ గదిలో నిలబడి చెప్పిన మనిషి అలా కూర్చుంటే నేను లేచి నిలబడే పాఠం మొదలెట్టాను. ఆ గౌరవం నాలుగు రోజులుంది. అయిదో రోజు నుంచి నా సహనానికి పరీక్ష మొదలైంది.

మొదటి తంటా ఒకటి అంకెతో. ఆ పాత టైపు మిషన్ల మీద ఒకటికి మీట ఉండేది కాదు. చిన్న ‘ఎల్’ కొడితే అదే ఒకటి. సున్నాకి ‘ఓ’. ఈ పెట్టెకి మాత్రం ఎల్ అంటే ఎల్లే. ప్రతి ప్రోగ్రాములోనూ లైన్లకి పది, ఇరవై, ముప్పై అని నంబర్లు వేసుకోవాలి కదా. ఆవిడ వేలు చూడకుండా వెళ్లి ఎల్ మీద పడేది. పది కాస్తా ఎల్-ఓ అయ్యేది. తెర మీద ‘తప్పు’ అని వచ్చేది. “అది ఒకటే గదే, కనపడతల్లా?” అని తెరకి వేలు పెట్టి చూపించేవారు, అదేదో కళ్లజోడు లేని గుమాస్తా అయినట్టు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు పది రోజులు పట్టింది.

తర్వాత అక్షరాల లెక్కలు. పరీక్షలో వచ్చేవి ఎక్కువ అవే. ఒక పేరు తీసుకోవాలి, దాని పొడవెంతో చెప్పాలి, ఎడమ నుంచి మూడక్షరాలు తీయాలి, మధ్యలో ముక్క తీయాలి, తిప్పి రాయాలి. పేరు దాచుకునే చోటుకి ‘ఎన్ డాలర్’ అని పేరు పెట్టాను.

“డాలరెందుకే? అమెరికా వోళ్లదా?” అన్నారు.

“ఆ గుర్తుంటే అందులో అక్షరాలున్నాయని దానికి తెలుస్తుందండీ. పేరు, ఊరు, ఏదైనా అక్షరాల వరస.”

“అంకెలు పెడితే?”

“పెట్టచ్చండీ. కానీ అంకెగా చూడదు. ఏడు అని కొడితే ఏడు అనే బొమ్మ, అంతే. దానికి విలువుండదు.”

ఆవిడ “ఏడుకి విలువ లేదా” అని మాత్రం అన్నారు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

పొడవు చెప్పే ‘లెన్’ నేర్పినప్పుడు మాత్రం పకపకా నవ్వారు. “దీనికి మిషనెందుకే పిల్లా?” ఏ పేరు చెప్పినా బల్ల మీద రెండు చేతుల వేళ్లూ టకటకా ఆడించి, మధ్యలో ఖాళీతో సహా ఇన్ని అని చెప్పేసేవారు. నేను మా వీధిలోవాళ్ల పేర్లన్నీ అడిగాను. నేను కొట్టి ఎంటర్ నొక్కేలోపు జవాబు వచ్చేసేది. ఇరవై ఏళ్లు హెడ్డింగులు కాగితానికి నడుమ కొట్టించిన మనిషి మరి. టైపులో హెడ్డింగు నడుమకి రావాలంటే కాగితం మధ్యకి వచ్చి, రెండక్షరాలకి ఒకసారి చొప్పున బ్యాక్‌స్పేసు నొక్కుతూ వెనక్కి జరిగి, అక్కణ్ణుంచి మొదలెట్టాలి.

కంప్యూటర్లో హెడ్డింగు నడుమకి తెమ్మంటే ఆవిడ అదే చేశారు. తెర మీద అప్పటికే కొట్టిన లైను ఉంది. మధ్యకి వచ్చి వెనక్కి జరుగుదామని ఆ మీట నొక్కారు. టైపు మిషన్లో ఆ మీట ఊరికే వెనక్కి జరుపుతుంది, అంతే. ఇక్కడ ఒక్కో అక్షరాన్నీ మింగేసింది. ఆవిడ చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నారు.

“చెరిగిపోతందే!”

“అవునండీ, అది చెరిపే మీటేనండీ. తప్పొస్తే అలా చెరుపుకోవచ్చు. ఎంత సుఖమో చూడండి!”

ఆవిడ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. నేనేదో చర్చిలో చెప్పులతో నిలబడ్డట్టు చూశారు. ఆ మీట మీద చేతిరుమాలు చింపి ఒక ముక్క వేసి, మళ్లీ దాన్ని తాకలేదు.

తాకకపోతే పోనీ, తప్పు పడితే ఏం చేసేవారనుకుంటున్నారు? ‘న్యూ’ అని కొట్టేవారు. ఆ మాట కొడితే ప్రోగ్రాము మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ పదో లైను నుంచి మొదలు. ఇరవై నాలుగు లైన్ల ప్రోగ్రాము, ఇరవై మూడో లైన్లో ఒక కామా తప్పు, న్యూ. పది, ఇరవై, ముప్పై... నూట నలభైలో ఒక అక్షరం, న్యూ. “టీచరుగారండీ, ఆ ఒక్క లైను మళ్లీ కొట్టండి చాలు. నూట నలభై అని వేసి కొత్తగా కొడితే పాత నూట నలభై పోతుంది” అని నేను లక్షసార్లు చెప్పి ఉంటాను.

“పోయినట్టు నువ్వు చూశావా?”

“లిస్ట్ కొట్టి చూపిస్తానండీ, ఇదిగో, లేదు.”

“పై కాయితం మీద ఉండదు. కింద కార్బన్‌లో ఉంటది.”

“దీనికి కార్బన్ లేదండీ బాబూ!”

ఆవిడని ఒప్పించాలని ఒకరోజు తెలివి ఉపయోగించాను. ఏం తెలివిలెండి! ఆ పెట్టెలో ‘ఓల్డ్’ అని ఇంకో మాట ఉంది. న్యూ కొట్టాక వెంటనే అది కొడితే, పోయిన ప్రోగ్రాము మొత్తం తిరిగొస్తుంది. చూడండి, మొదటి నుంచి కొట్టక్కర్లేదు, హాయిగా ఆ ఒక్కటే దిద్దుకోండి అని గొప్పగా కొట్టి చూపించాను. ఇరవై నాలుగు లైన్లూ తెర మీదకి జరజరా వచ్చాయి.

ఆవిడ లేచి నిలబడ్డారు. “చూశావా! నేనన్లా? ఏదీ పోలేదు! అన్నీ కిందే ఉన్నయ్!”

ఆ రోజు నుంచి న్యూ మీద కూడా నమ్మకం పోయింది. తప్పు పడితే ఏకంగా లేచి వెళ్లి గోడ మీద స్విచ్చే కట్టేసేవారు. వేళ్ల మీద పది లెక్కపెట్టి, మళ్లీ వేసేవారు. నా చేత్తో నేనే చేసుకున్నాను. ఎవరికి చెప్పుకోను?

పరీక్ష ఇంకో వారం ఉంది. నలభై నిమిషాల్లో ఒక ప్రోగ్రాము రాసి నడిపించి చూపించాలి. నేను గడియారం పెట్టి అదే ప్రోగ్రాము కొట్టిస్తున్నాను. పేరు అడగాలి, తెరకి సరిగ్గా నడుమన వేయాలి, కింద ఆ పేరెంత పొడవో అన్నే గీతలు గీయాలి. ఆవిడకి అణువణువూ తెలుసు. లెక్క నాకన్నా ముందు చెప్పేవారు. అయినా పధ్నాలుగు సార్లు కూర్చుంటే ఒక్కసారీ నలభై నిమిషాల్లో చివరికి చేరలేదు. ప్రతిసారీ ఎక్కడో ఒక చోట వేలు జారడం, లేవడం, స్విచ్చు, పది లెక్కపెట్టడం. పదిహేనోసారి ఇరవై రెండో లైన్లో లేచారు. నాకు పిచ్చి కోపం వచ్చింది.

“కూర్చోండి!” అని అరిచాను. అవతల మిషన్లు ఆగిపోయాయి. “ఏంటండీ ఈ మొండితనం? ఒక్క అక్షరం చెరిపితే ఏమవుతుంది? ఆకాశం ఊడిపడుతుందా? విజయవాడ నుంచి ఆ కుర్రాడొచ్చి మీ కుర్చీలో కూర్చుంటాడు, మీరు మీ కార్బన్లు పట్టుకుని ఇంటికెళ్తారు. అదేనా మీకు కావలసింది?”

ఆవిడ తిట్టలేదు. కూర్చున్నారు. రుమాలు విప్పి, మళ్లీ కట్టుకుని, మెల్లగా చెప్పారు.

“ఇక్కడికి రాకముందు తాలూకా ఆఫీసు అరుగు మీద మిషను పెట్టుకుని కాయితాలు కొట్టేదాన్ని. ఒకాయన వచ్చాడు. అన్నదమ్ముల పంపకాల కాయితం. ఎకరమున్నర మిరప చేను ఆయన వంతు. సర్వే నంబరులో నాలుగు కొట్టాల్సిన చోట ఏడు కొట్టా. రబ్బరు పెట్టి తుడిచి నాలుగేశా. దిద్దుబాటు ఉంటే అడుగున రాసి సంతకాలు పెట్టించాలి. ఒక్క అంకేగదా అని పెట్టించలా. పైది నున్నగా ఉంది. కింద కార్బన్ కాపీలో ఏడూ నాలుగూ కలిసి మచ్చ పడింది. అది తమ్ముడి దగ్గరుంది.”

“తర్వాతండీ?”

“రెండేళ్లకి తమ్ముడు దావా ఏశాడు. అన్న దిద్దుకున్నాడని. ప్లీడరు కాయితం కిటికీకి పెట్టి అందరికీ చూపించాడు. నన్ను పిలిచారు. ‘నువ్వు తుడిచావా?’ అన్నారు. భయమేసింది. నా మిషను లాక్కుంటారనుకున్నా. గుర్తులేదన్నా.”

ఆవిడ మీట మీది గుడ్డముక్క సరిచేశారు.

“చేను పోయింది. ఆయన నన్నొక్క మాట అన్లా. ఆ ఏడాది గుడ్డ సంచిలో మిరపకాయలు తెచ్చి నా మిషను పక్కన పెట్టి, ‘ఆఖరి కాపమ్మా, ఉంచుకో’ అని ఎల్లిపోయాడు. ఆయన తిట్టినా బాగుండు.”

అవతల ఎవరో మళ్లీ కొట్టడం మొదలెట్టారు. ఆవిడ అలవాటుగా చెవి అటు పడేసి, “అయిదో మిషనూ, స్పేసు” అన్నారు.

నాకు జాలేసింది, బాధేసింది. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. “ఇది పొలం కాగితం కాదు టీచరుగారండీ. ఇది ఉత్త లెక్క. స్విచ్చు కడితే పోయేది. దీంట్లో చెరిపితే ఎవరికీ ఏమీ పోదు.”

“తెలుసమ్మా” అన్నారు. “చేతికి తెలవదు.”

పరీక్ష రోజు హైదరాబాదు నుంచి ఒక యువకుడు వచ్చాడు. మెట్లెక్కుతూనే తుమ్ములు. కళ్లు ఎర్రబడి, ముక్కుకి రుమాలు పెట్టుకుని, “ఎలా ఉంటున్నారండీ ఈ ఊళ్లో?” అని నన్నడిగాడు. కంప్యూటరు ఒక్కటే కనక ఒక్కొక్కరిగా పిలిచాడు. ప్రొప్రయిటరు గారు పరదా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడాలి, నోరు మెదపకూడదు. ఆవిడ వంతు నాలుగోది. మేం సాధన చేసిన లెక్కే వచ్చింది, కాస్త అటూ ఇటూగా. నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

మొదటిసారి నూట పదో లైన్లో వేలు జారింది. లేచి స్విచ్చు కట్టారు. పరీక్షకుడు బిత్తరపోయి, “మేడమ్, డిలీట్ ఉందిగా” అన్నాడు. ఆవిడ వేళ్ల మీద పది లెక్కపెట్టి మళ్లీ వేశారు. రెండోసారి నూట అరవైలో. మళ్లీ స్విచ్చు. ప్రొప్రయిటరు గారు నా వైపు చూసి పెదవి విరిచారు. మూడోసారి మొదలెట్టేసరికి పదిహేను నిమిషాలు మిగిలాయి. ఏం కొట్టారండీ! నేనంత వేగం ఎప్పుడూ చూడలేదు. అవతల గదిలో పిల్లలు మిషన్లు ఆపి వింటున్నారు. రెండు వందల ఇరవై, రెండు వందల ముప్పై. ఆఖరిది రెండు వందల నలభై. దాని నడుమలో ఎన్ డాలర్ అనాల్సిన చోట ఎమ్ డాలర్ పడింది.

నాకు కనిపించింది. ఆవిడకి వినిపించే ఉంటుంది. వేళ్లు ఆగిపోయాయి. గడియారంలో నాలుగు నిమిషాలున్నాయి. ఆవిడ స్టూలు వెనక్కి జరిపారు. చెయ్యి గోడ వైపు వెళ్లింది.

“టీచరుగారండీ,” అని అరిచేశాను, “అది ఎవరి చేనూ కాదండీ!”

పరీక్షకుడు తల తిప్పి, “చేనేంటండీ?” అన్నాడు. “మీరు మాట్లాడకూడదు.” మాట్లాడను మహానుభావా, ఇంక మాట్లాడను అని చేతులు జోడించాను.

ఆవిడ నిలబడే ఉన్నారు. తర్వాత కూర్చున్నారు. ఆ మీట మీద కప్పిన గుడ్డముక్క తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కుడి చిటికెన వేలుతో నాలుగుసార్లు నొక్కారు. తెర మీద నాలుగక్షరాలు ఒక్కొక్కటీ మాయమయ్యాయి. ఎమ్ దాకా వెళ్లి ఆగి, ఎన్ కొట్టి, లైను పూర్తిచేసి, ప్రోగ్రాము నడపడానికి రన్ అన్నారు. పేరు అడిగింది. పరీక్షకుడు తన పేరు చెప్పాడు. నడుమకి వచ్చింది, కింద గీతలతో సహా.

“పాస్ మేడమ్” అన్నాడు తుమ్ముతూ. ప్రొప్రయిటరు గారు గోళీసోడాలు తెప్పించారు. ఆవిడ సోడా తాగలేదు, నా వైపు చూడలేదు. నాకు కోపమొచ్చింది. గొడ్డులా అరిచి కుర్చీ నిలబెట్టినందుకు ఒక్క మంచి మాట లేదు!

సాయంత్రం నాలుగింటికి అందరూ వెళ్లిపోయారు. నేను గుంటూరు బస్సు అందుకోవాలి, సీటు కాగితాల పని ఉంది. ఆవిడ రిజిస్టరులో సంతకం పెడితే తాళం వేసుకుని వెళ్దామని పెన్ను చేతిలో పెట్టాను. పెన్ను పక్కన పెట్టి, “కాసేపుండు” అని పరదా వెనక్కి వెళ్లారు. స్విచ్చు వేసిన చప్పుడైంది.

పది, ఇరవై, ముప్పై.

“ఓరి దేవుడా, పాసయ్యారు కదండీ! ఇంకెందుకు?”

ఆవిడ నూట ముప్పైలో ఆగి లేచారు. స్విచ్చు. పది లెక్క. మళ్లీ మొదలు. మెట్ల మీద కూర్చుని నా బస్సు వెళ్లిపోవడం విన్నాను. రెండోసారి ఎనభైలో పోయింది. మూడోసారి పడలేదు. ఇరవై నాలుగు లైన్లూ ఒక్క తడబాటు లేకుండా వెళ్లాయి. చివరి ఎంటర్ చప్పుడు విని నేను లోపలికి వెళ్లాను.

రన్ అన్నారు. పేరు? అని వచ్చింది. ఆవిడ ఒక పేరు కొట్టారు. నాకు తెలియని పేరు, ఇంటిపేరుతో సహా. ఎంటర్ నొక్కేముందు బల్ల మీద వేళ్లు ఆడించి లెక్క చూసుకున్నారు. నొక్కారు. తెరకి సరిగ్గా నడుమన ఆ పేరు వచ్చి నిలబడింది, కింద నిండా గీత.

“ఎవరండీ?” అన్నాను. అడిగాక అర్థమైంది.

“మిరపకాయలాయన” అన్నారు. “ఒక్క దిద్దు లేదు చూడు.”

లేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఎంత విసుగులో ఉన్నా, బస్సు పోయినా, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “క్యాసెట్‌లో దాచనాండీ?” అన్నాను.

“వొద్దులే. ఆయనకెట్టాగూ చదువు రాదు” అని స్విచ్చు కట్టి, పెట్టె మీద గుడ్డ కప్పి, వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టారు.

ఆ కుర్చీలో ఆవిడ చాలా ఏళ్లున్నారు. పిల్లలకి చెరిపే మీట నేర్పేవారట, తను మాత్రం ముట్టుకునేవారు కాదట. ఆవిడ చేతికింద నేర్చుకున్న వాళ్లే మొన్న ఆ నాలుగు మెసేజ్‌లూ పెట్టింది. పొలమో ప్రాణమో పోయినట్టు నేనెందుకు గింజుకోవాలి, చెప్పండి? రెండింటికైనా మూడింటికైనా ఆవిడ వెళ్లిపోయారు. సంతాపం నాలుగు లైన్లు. మొన్నటి నుంచి కొడుతున్నాను. ఇప్పుడు కూడా మూడో లైను చివర వేలు జారింది. ఫోను కట్టేసి, పది లెక్కపెడుతున్నాను.